మీటరులో పద్నాలుగు

మా షాపులో, పాత డైనమోలు పెట్టే అర మీద, ఒక పాటల డెక్కు ఉంది. లారీల్లో డ్రైవరు ముందు బిగించుకునేది, పెన్‌డ్రైవ్ గుచ్చితే పాడుతుంది. అమ్ముతావా అని చాలామంది అడిగారు. అమ్మనన్నాను. అడిగినవాళ్ళ మీద విసుక్కున్నాను కూడా. నిజానికి విసుక్కోవలసింది వాళ్ళ మీద కాదు.

సీతాఫల్‌మండిలో ముప్ఫై ఏళ్ళుగా బండ్ల కరెంటు పని చేస్తున్నాను. సెల్ఫ్ మోటార్లు, డైనమోలు, లైట్లు, వైరింగు. కోస్తా నుంచి వచ్చినవాణ్ణి కాబట్టి నన్ను ఇక్కడ ఇప్పటికీ ఆంధ్రా అన్న అనే అంటారు. పనితనం ఉందని పేరు. నోరెక్కువ అని కూడా పేరు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, నా పని చూసి ఈ ఊరే నా నోటిని ఓర్చుకుంది. అలా ఓర్చుకున్నవాళ్ళలో ఒకతను తన లారీ పోగొట్టుకున్నాడు. పోగొట్టింది నేను. అతను ఆ మాట ఎన్నడూ అనలేదు కనుక నేనే అంటున్నాను.

అతనిది అల్వాల్. పదిహేనేళ్ళు పరాయి బండ్లు తోలి, చివరికి ఒక పాత చిన్న లారీ సొంతంగా కొనుక్కున్నాడు. టెంట్‌హౌస్ సామాను వేసేవాడు. కుర్చీలు, షామియానాలు, మనిషి కూర్చుంటే మునిగేంత గుండిగలు. బండికి పని ఉన్నా లేకపోయినా వారానికోసారి మా షాపు ముందు ఆపేవాడు. ఏదైనా ఫంక్షన్ హాల్ నుంచి వస్తుంటే టిఫిన్ డబ్బాలో డబుల్ కా మీఠా తెచ్చేవాడు. "వదినెకియ్యి, నువ్వు తినకు, నీకు షుగరుంది" అని నా చేతికే ఇచ్చేవాడు. నేను దార్లోనే సగం తినేవాణ్ణి. స్నేహమంటే ఇంతకన్నా ఏముంటుంది?

ఒక ఏడాది ఎండాకాలం మొదలవబోయే ముందు అతని బండిలో ఇంజిన్ ఫ్యాను పాడైంది. అది బెల్టుతో ఇంజిన్‌కే కట్టి ఉండే ఫ్యాను. బేరింగు అరిగి రెక్క ఊగిపోతోంది, ఇంకో నెలైతే రేడియేటరును కోసేసేది. అంత పాత మోడలుకు సామాను దొరకడం లేదు. మెకానిక్ చేతులెత్తేశాడు. అప్పుడు ఈ మహానుభావుడు, అంటే నేనే, ముందుకొచ్చాడు.

"కరెంటు ఫ్యాను పెడదాం. బెల్టు బాధ ఉండదు, ఇంజిన్‌కి బరువు తగ్గుద్ది, డీజిల్ మిగులుద్ది" అన్నాను. పాత సామాన్ల యార్డులో ఒక పెద్ద కారు ఫ్యాను వెతికి తెచ్చాను. రిలే పెట్టి, ఫ్యూజు పెట్టి, ఎర్ర వైరు లావుపాటిది లాగి, ఇంజిన్ వేడెక్కగానే తనంతట తానే తిరిగేలా చేశాను. తిరిగితే విమానం లేస్తున్నట్టే చప్పుడు. గల్లీలో నలుగురూ వచ్చి చూశారు. నేను మీసం మెలేయలేదు గానీ, దాదాపు అంతే.

రెండు వారాలకు అతను మళ్ళీ వచ్చాడు. "అన్నా, బ్యాటరీ దిగిపోతున్నది. బండి నిలవడితె లైట్లు సన్నగైతున్నయ్. జెర సూడు" అన్నాడు.

చూశాను. ఎలా చూశానో చెప్పాలి, ఎందుకంటే తప్పంతా అక్కడే ఉంది. ఇంజిన్ స్టార్ట్ చేయించి, రేస్ ఇమ్మని, బ్యాటరీకి మీటరు పెట్టాను. పద్నాలుగు వోల్టులు చూపించింది. అది డైనమో బాగా పనిచేస్తున్నప్పుడు చూపించే లెక్క. "దివ్యంగా ఉంది పో" అన్నాను. మా వీధిలో అందరూ పరీక్ష చేసేది ఇలాగే. రేస్ ఇస్తే ముల్లు లేస్తుంది, బండాయనకి నమ్మకం కలుగుతుంది. పైగా బండిని స్లోలో, అంటే రేస్ ఇవ్వకుండా ఇంజిన్ ఆన్‌లో ఉంచి, పావుగంట నిలబెడితే పై వాటా ఆవిడ పొగ వస్తోందని కిటికీలోంచి కేకలేస్తుంది. అంచేత ఎవరమూ స్లోలో చూడం.

కానీ ఆ లారీ బతుకంతా స్లోలోనే. సిగ్నళ్ళ దగ్గర, రైల్వే గేటు దగ్గర, బరాతు వెనకాల, పెళ్ళివారి గల్లీలో రివర్స్ చేసుకుంటూ. డైనమో ఇంజిన్‌తో పాటు తిరుగుతుంది. ఇంజిన్ జోరుగా ఉంటే కరెంటు దండిగా ఇస్తుంది, నిలబడితే ఏదో కాస్త ఇస్తుంది. పాత బెల్టు ఫ్యాను కరెంటు అడిగేది కాదు. నేను పెట్టిన ఫ్యాను ఇరవై ఆంపియర్ల పైనే లాగుతుంది. ఆ చిన్న డైనమో స్లోలో అంత ఇవ్వలేదు. మిగిలింది బ్యాటరీ నుంచి పోవాల్సిందే. సన్నగా వచ్చే నల్లా కింద బిందె పెట్టి ఇద్దరు చెంబులతో తోడుకుంటుంటే బిందె ఎప్పటికి నిండుతుంది? ఇంకో సంగతి ఏమిటంటే, బండి నిలబడితే గాలి తగలదు, గాలి తగలకపోతే ఇంజిన్ వేడెక్కుతుంది, అప్పుడే ఫ్యాను మొదలవుతుంది. అంటే డైనమో బలం తగ్గిన సమయం చూసుకుని మరీ ఫ్యాను అడుగుతుంది. ఇదంతా నాకు తెలియని విద్య కాదు. తెలిసి కూడా ఆలోచించలేదు. తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

రెండోసారి వచ్చినప్పుడు అతను ఇంకా వివరంగా చెప్పాడు. "ఫ్యాన్ తిరిగినప్పుడే గిట్లైతుందన్నా. నిలవడ్డప్పుడే." నేను మళ్ళీ రేస్ ఇమ్మన్నాను. మళ్ళీ పద్నాలుగు. ఈసారి తప్పు బ్యాటరీ మీదికి తోశాను. కొత్త బ్యాటరీ వేయించుకున్నాడు.

మూడోసారి అతను వచ్చేసరికి షాపు ముందు ఐదారుగురున్నారు. ఆ మధ్యాహ్నం ఏదో పెళ్ళిహాలు దగ్గర సెల్ఫ్ తిరగక, సామాను దించిన కూలీలతో బండి తోయించుకుని వచ్చాడట. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. మళ్ళీ అదే మాట చెప్పాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. నా పనికి వంక పెడుతున్నాడనిపించింది, అది కూడా అందరి ముందు.

"సామాను దించేదాకా తాళం ఆన్‌లో పెట్టి పాటలు పెట్టుకు పడుకుంటావు. బ్యాటరీ దిగక ఏం చేస్తది? చేసింది చెప్పకుండా నా ఫ్యాను మీద అబద్ధాలు చెప్తావేంటయ్యా?" అన్నాను.

ఎవరో నవ్వారు. అతను నన్నే చూశాడు. "నేనెందుకు అబద్ధం చెప్తనన్నా" అని మాత్రం అని, బండి ఎక్కి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం ఇంట్లో చెప్తే మా ఆవిడ అన్నం వడ్డిస్తూ ఆగింది. "ఆయన అబద్ధమాడే మనిషి కాదండీ" అంది. నీకు డైనమోల సంగతి ఏం తెలుసు అన్నాను.

నాలుగు రోజులకు అతను వచ్చి, బండి ఆపకుండానే కిటికీలోంచి ఒక సంచీ అందించాడు. అందులో ఈ డెక్కు ఉంది. వైర్లు నీటుగా చుట్టి పెట్టాడు. బండి ముందు భాగంలో అది ఉన్నచోట నల్లగా కన్నం కనిపిస్తోంది. "నువ్వే ఉంచుకో అన్నా. నాదే తప్పు" అన్నాడు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది అనుకున్నాను. పైగా ఆ తర్వాత బ్యాటరీ మళ్ళీ దిగలేదు. దిగితే వచ్చేవాడు కదా. రెండేళ్ళ పాటు ఈ కథ నా దగ్గరికి వచ్చిన ప్రతి డ్రైవరుకీ చెప్పాను. అదిగో ఆ డెక్కు తీసేయించాను, రోగం కుదిరింది అని వేలు పెట్టి చూపించేవాణ్ణి. అతను రావడం తగ్గించాడు. టిఫిన్ డబ్బా రావడం మానేసింది. పెళ్ళిళ్ళ సీజను, తీరికుండదులే అనుకున్నాను.

ఆ తర్వాత ఎండాకాలం అతని ఇంజిన్ పోయిందని ఎవరో చెప్పారు. ఫోన్ చేస్తే, "పాత బండి గదన్నా, హీటయి సీజయింది" అన్నాడు, అంతే. ఇంజిన్ మళ్ళీ చేయించే స్తోమత లేక, బండి తుక్కు కింద ఇచ్చేశాడట. నేను అయ్యో అన్నాను. ఆ మాటతో ఫోను పెట్టేశాను.

మొన్న ఫిబ్రవరిలో వేరే బండి కోసం సెల్ఫ్ మోటారు వెతుకుతూ యార్డుకి వెళ్ళాను. అక్కడ ఒక మూల అతని లారీ క్యాబిను నేల మీద కూర్చుని ఉంది. తలుపు మీద పెయింటు గుర్తుపట్టాను. ముందు కన్నం అలాగే ఉంది. వంగి, నా వైరింగు ఏమైనా పనికొస్తుందేమోనని స్టీరింగు కింద చెయ్యి పెట్టాను.

వేలికి ఒక స్విచ్చి తగిలింది. నేను పెట్టింది కాదు. ఇంట్లో గోడకి పెట్టుకునే తెల్ల స్విచ్చి. నా ఎర్ర వైరును మధ్యలో కోసి, పని రాని చేతితో మెలిపెట్టి, దెబ్బలకు అంటించే గుడ్డ ప్లాస్టరు చుట్టి ఉంది. ఫ్యానుకి పోయే వైరు అది. స్విచ్చి పైభాగం వేలి మురికితో నల్లబడి, మధ్యలో నున్నగా అరిగిపోయింది.

ఆ తుక్కులోనే కూర్చున్నాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ఫ్యాను ఆపేవాడు. కదిలాక వేసేవాడు. రోజుకి ఎన్నిసార్లో. బ్యాటరీని కాపాడింది డెక్కు తీయడం కాదు, అతని వేలు. నా ఫ్యానుకి, ఆ డైనమోకి మధ్య కుదరని లెక్కని అతను రెండేళ్ళు చేత్తో సరిచేస్తూ వచ్చాడు. ఒక్కసారి మళ్ళీ వేయడం మర్చిపోతే ఇంజిన్ ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఇప్పుడు మా షాపులో ఏ బండినైనా స్లోలోనే చూస్తున్నాను. ఫ్యాను వేసి, లైట్లు వేసి, పదిహేను నిమిషాలు. పై వాటా ఆవిడ అరిస్తే అరవనీ. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, తెలుసు.

యార్డుకి వెళ్ళొచ్చిన మర్నాడే, అతనెక్కడున్నాడో కనుక్కుని, డెక్కు సంచీలో పెట్టుకుని మల్కాజ్‌గిరి వెళ్ళాను. అక్కడ ఒక అపార్ట్‌మెంటులో వాచ్‌మన్‌గా చేస్తున్నాడు. నన్ను చూడగానే లేచి తన ప్లాస్టిక్ కుర్చీ నాకు వేసి, నీళ్ళ మోటారు స్విచ్చి వేసి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. జుట్టు బాగా నెరిసింది. వదినె ఎట్లుంది, షుగరెట్లుంది అని అడిగాడు.

"స్విచ్చి చూశానయ్యా" అన్నాను. "నువ్వు చెప్పిందే నిజం. డైనమో చాలలేదు. తప్పు నాది. నలుగురిలో నిన్ను అబద్ధాలకోరన్నాను. నన్ను క్షమించు."

"ఎప్పటి ముచ్చటనో అది" అన్నాడు. తర్వాత తనే చెప్పాడు. "ఆ దినం పెళ్ళోళ్ళు ఫోన్ మీద ఫోన్. సిగ్నల్ కాడ బంద్ చేసిన, మల్ల ఎయ్యనీకి యాది మరిచిన. ఫుల్ లోడు. ఫ్లైఓవర్ ఎక్కేదాక సూసుకోలె."

"నాకొక్క మాట చెప్పొచ్చు కదయ్యా" అన్నాను.

"మూడుసార్లు చెప్పిన గదన్నా" అన్నాడు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

సంచీ ఇచ్చాను. డెక్కు బయటికి తీసి, భుజం మీది తువ్వాలుతో తుడిచి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. మళ్ళీ సంచీలో పెట్టి నా ఒళ్ళో ఉంచాడు. "యాడ పెట్టుకోనన్నా, బండి లేదు గద" అన్నాడు.

ఇంతలో పై ట్యాంకు నిండి, నీళ్ళు గోడ వెంబడి కారి కింద కార్ల మీద పడ్డాయి. మూడో అంతస్తు నుంచి ఒకాయన తల బయటికి పెట్టి, మోటారు ఆపడం కూడా చేతకాదా, కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నావా అని అరిచాడు. అతను పరుగెత్తి స్విచ్చి ఆపి వచ్చి, తలెత్తి, "నాదే తప్పు సార్" అన్నాడు.

కాదు, మాటల్లో పెట్టింది నేను, అతన్నేమీ అనకండి అని పైకి చూసి చెప్పాలి. ముప్ఫై ఏళ్ళుగా నోరెక్కువ అని పేరు మోసినవాణ్ణి. సంచీ ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.