దండయాత్రకు అడిగిన ముహూర్తం

అరసవల్లి ఆదిత్యునికి అంజలి ఘటించి ప్రారంభిస్తున్నాను. శ్రీ విశ్వావసు నామ సంవత్సరం, జ్యేష్ఠ బహుళ చవితి. పలాసలో జీడిపిక్కలు కాల్చే పొగ మా వీధి మీద పలుచని తెరలా నిలిచిన మధ్యాహ్నమది.

నలభై ఏళ్లుగా ముహూర్తాలు పెట్టడమే నా వృత్తి. పెళ్లిళ్లకు పెట్టాను, కొత్త పడవలను నీటిలో దించడానికి పెట్టాను. దండయాత్రా ప్రకరణాన్ని గురువుగారి వద్ద వల్లించానే కాని, ఆ ముహూర్తం అడిగినవారు ఆనాటి వరకు లేరు.

వచ్చినవారు ఉద్దానం తీరంలోని ఒక మత్స్యకార గ్రామం పెద్ద ఎర్రయ్య, ఆయన మేనల్లుడు పోలారావు. వలలు వేసే చోటు గురించి పొరుగు రేవుతో వారికి పాత తగవు ఉంది. ఆ రేవువారు సరుగుడు తోటలో టార్పాలిన్ కింద బరిసెలు పోగుచేస్తున్నారని అనుమానం. వాళ్లు రాకముందే తామే వెళ్లి మీద పడాలని ఊరు తీర్మానించింది.

“బరిసెలు కళ్లారా చూశారా?” అని అడిగాను.

“టార్పాలిన్ సూసినాం బాబూ. కింద ఏటున్నాదో సూడనేదు,” అన్నాడు ఎర్రయ్య.

పోలారావు ఊరుకోలేదు. “సూసీదాకా కూకుంటే మన పేగులే సూసుకోవాల! టీవీలో సూడ్డం నేదేటి మావా? బాంబు సేత్తన్నారని అనుమానం వత్తే సాలు, పెద్ద పెద్ద దేశాలే ఇమానాలేసుకుని ఎలిపోతన్నాయి.”

“ఆ ఇమానాలోల కూతుర్లు అక్కడ కాపరం సెయ్యడం నేదురా. నా నూకాలు ఆ ఊల్లోనే ఉన్నాది, నెలలు నిండి.”

“నూకాలొదిన్ని ముందే తెచ్చీద్దుం.”

“తెత్తే ఆలకి తెలిసిపోదేట్రా, తెలివైనోడా!”

పోలారావు వాదం తేలికైనది కాదు. ఆయుధాలు సిద్ధమయ్యాక మేలుకొని లాభమేమన్న ప్రశ్న నన్ను నేటికీ వదలలేదు.

నేను కాగితం తీసుకున్నాను. “తారాబలం చూడాలి. ఆనాటి నక్షత్రం ఒక్కొక్కరి జన్మనక్షత్రానికి పొసగుతుందో లేదో లెక్కించాలి. వెళ్లేవారివి, అక్కడ దెబ్బ తగలగలవారివి, అందరి పేర్లూ చెప్పండి,” అన్నాను.

ఎర్రయ్య చెబుతుంటే వ్రాస్తూ పోయాను. ఆ రెండు ఊళ్లలో ఎందరికో పేర్లు పెట్టినవాడిని కనుక, వారు మరచిన నక్షత్రాలను నేనే అందించాను. రోహిణి, మఖ, స్వాతి... పట్టపగలు మా అరుగు మీద ఆకాశం మెల్లగా దిగి పరుచుకున్నట్లయింది. ఎక్కడో ఉన్న సముద్రపు ఊపిరి చెవికి సోకినట్లు తోచింది. పొరుగు రేవులో తనతో ఈతలాడినవారి పేర్లు చెబుతూ పోలారావు గొంతు తగ్గించాడు. చివరికి నూకాలు ఇల్లు వచ్చింది. ఆమె అత్త, భర్త, తర్వాత నూకాలు. అక్కడ ఎర్రయ్య ఆగిపోయాడు.

“కడుపులో ఉన్న బిడ్డకి నచ్చత్రం ఏటని రాత్తారు బాబూ?”

“వ్రాయలేను. లెక్క పూర్తి కాదు. బిడ్డ పుట్టాక రండి.”

“ఈలోగా ఆలే వచ్చి మీద పడితే?” అన్నాడు పోలారావు.

ఎర్రయ్య కండువా దులిపి లేచాడు. “వత్తే అడ్డుకుందుం. అడ్డుకోడానికి ముగూర్తం అక్కర్నేదురా.”

నిజానికి శాస్త్రం దండనాయకుని నక్షత్రం ఒక్కటే అడుగుతుంది. తక్కినవన్నీ అడిగినది నేను. అది దోషమైతే భరిస్తాను. ఇప్పుడు ఏ దేశపు యుద్ధవార్త విన్నా, అక్కడి పేర్ల జాబితా ఎవరైనా ముందుగా వ్రాసి చూశారా అని ఆలోచిస్తాను.

శ్రావణ శుద్ధ పంచమి, ఉత్తరా నక్షత్రాన నూకాలుకు ఆడపిల్ల పుట్టింది. ఇరవయ్యొకటవ నాడు రెండు రేవులవారి నడుమ కూర్చొని పేరు పెట్టి వచ్చాను. సరుగుడు తోటలో టార్పాలిన్ అలాగే ఉంది. ఆ ముహూర్తం మళ్లీ ఎవరూ అడగలేదు.