విభూదితో తోమిన రూపాయి

మా ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయిన ఏడాది, నా బంగారు గాజులు అమ్మి ఆన్‌లైన్ వేలాల్లో పాత వెండి రూపాయలు కొన్నాను. అమ్మేవాళ్లకు విలువ తెలియనివి ఏరి మరీ కొన్నాను. లాభానికి అమ్మితే పాప స్కూలు ఫీజు గట్టెక్కుతుందని ఆశ. ముందు ఒకదానికి ధర కట్టిద్దామని పట్టుకుని, పాత నాణేలు కొనే దుకాణాలున్న రెజిమెంటల్ బజార్‌కు బస్సెక్కాను.

మాటిమాటికీ తీసి చూసుకుంటుంటే పక్క సీట్లో పెద్దావిడ చూస్తానని చెయ్యి చాపింది. వాళ్లాయనది పాత నాణేల వ్యాపారమట.

"మంచిదే దొరికింది బిడ్డా. గింత తెల్లగ మెరుస్తుందేంది, తోమినవా?"

"పూజ సామాన్లలాగే విభూదితో రుద్దానండీ."

"అయ్యో! ఆ పాత నలుపుకే గదా పైసలిచ్చేది. గిప్పుడు వెండి తూకానికే తీసుకుంటరు. పరేషాన్ కాకు, ఒక్కటే గదా!"

తలూపాను. ఇంట్లో ఇంకో పదకొండు ఉన్నాయనీ, అన్నీ అలాగే మెరుస్తున్నాయనీ ఆమెకు చెప్పలేకపోయాను.