పేర్లు పోయిన ఈరన్నలు

ఆ రోజుల్లో ఫోన్ మన చేతిలో ఉన్నా మన మాట వినేది కాదు. దుడ్డు పెట్టి కొన్నది మనం, పెత్తనం మాత్రం దాన్ని చేసినవాళ్లది. పెట్టెలోంచి తీసేసరికే దాని కడుపులో మనం అడగని ఆటలూ, షేర్ల ధరలూ, ఏవేవో దేశాల వాతావరణమూ కాళ్లు చాపుకుని కూర్చుని ఉండేవి. వాటిని తీసేద్దామంటే కుదరదనేది. మా నాయన ఆదోనిలో కొన్న మొదటి టచ్ ఫోన్ అచ్చంగా అటువంటిదే. ఎమ్మిగనూరులో గుంటమగ్గంలో కూర్చుని చీరలు నేసే మనిషికి షేర్ల ధరలెందుకు చెప్పండి? ఎవరైనా చీర అంచు ఫోటో పంపితే మాత్రం 'జాగా లేదు' అనేది. "ఇంత పెద్ద ఫోన్ల జాగా లేకపోయేదేందిరా? సదువుకుంటాండావు కదా, ఏమన్నా సెయ్యి" అని నాయన అన్నప్పుడల్లా, పాలిటెక్నిక్ చదువుతున్న నాకు తల కొట్టేసినట్టుండేది.

ఆ అవమానానికి మందు చెప్పినవాడు డౌన్‌లోడ్. ఆదోని బస్టాండు దగ్గర నెట్ సెంటర్‌లో కూర్చునేవాడు. (ఏది అడిగినా 'డౌన్‌లోడ్ అయితాంది, ఉండు' అనేవాడు కాబట్టి వాడికి ఆ పేరే ఖాయమైంది. అసలు పేరు నాకే గుర్తు లేదు.) "రూట్ చేసినామంటే ఫోన్‌కు నువ్వే రాజు రా. ఏది వద్దంటే అది పీకి పారేయొచ్చు. పూర్తి అధికారం" అన్నాడు. పూర్తి అధికారం! ఇంట్లో సీరియల్ చూసేటప్పుడు చానల్ మార్చే అధికారం కూడా లేని వయసులో ఆ మాట చెవిన పడితే ఇంకేముంది, ఆ వారమంతా నాకు పాఠాలు తలకెక్కలేదు.

ఇక్కడ మా ప్రాంతం గురించి ఒక మాట చెప్పాలి. ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కుకుంటే పుట్టిన పిల్లలకు ఆయన పేరే పెడతారు. మొక్కుకోకుండా పుట్టినవాళ్లకూ అదే పెడతారు, స్వామికి కోపం రాకుండా. సంతలో నిలబడి "ఈరన్నా!" అంటే సగం సంత తిరిగి చూస్తుంది. అందుకే నాయన ఫోన్‌లో పేర్లు రాసిపెట్టినప్పుడు ఒక్కొక్కరికి ఒక్కో తోక తగిలించాను. నూలు తెచ్చేవాడు నూలు ఈరన్న, వేరుశనగ పండించే మా దూరపు చుట్టం ఆస్పరి ఈరన్న, వాళ్లు కాక గుండు ఈరన్న, గడియారం ఈరన్న. చివరగా ఆలూరు ఈరన్న.

ఈ ఆలూరు ఈరన్న ఒకప్పుడు మా నాయన పక్క మగ్గం మనిషి. ఇద్దరూ కలిసి నేయడం నేర్చుకున్నారు, కలిసి బీడీలు నేర్చుకున్నారు, కలిసే మానేశారు. ప్రతి శ్రావణ మాసంలో సోమవారం కలిసి ఉరుకుంద పోయేవాళ్లు. ఒక ఏడు తిరుగు ప్రయాణంలో ఆ జనంలో తోసుకుని ఆయన బస్సెక్కాడు, నాయన కూడా ఎక్కేసి ఉంటాడనుకున్నాడు. నాయన టీ కొట్టు దగ్గర రెండు టీలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. బస్సు పోయింది. అంతే! "దేవుని కాడ ఇడిసిపెట్టి పోయినోడు నాకు యాటి దోస్తు?" అని నాయన మాట మానేశాడు. ఆయన తరువాత మగ్గం వదిలి ఆలూరులో ఆటో తోలుకుంటున్నాడు. అప్పుడప్పుడూ ఫోన్ చేసేవాడు. నాయన ఆ పేరు చూసి ఫోన్‌ను బోర్లా పెట్టేవాడు. "ఎత్తరాదా? ఎన్నాళ్లప్పా ఈ మొండితనం?" అని అమ్మ గొణిగేది. నాయన ఆ తరువాత ఉరుకుంద పోవడమే మానేశాడు. శ్రావణ సోమవారాలు వస్తే ఆ రోజంతా మగ్గం మీదే ఉండేవాడు, ఎవరితోనూ సరిగా మాట్లాడేవాడు కాదు. నాకు ఆ రోజుల్లో ఆయన్ను చూస్తే జాలి వేసేది.

సరే, రూట్ సంగతి. డౌన్‌లోడ్ ఫోన్‌ను కంప్యూటర్‌కు తగిలించి, నల్లటి తెర మీద ఏదో టైపు చేశాడు. ఫోన్ ఆగింది, వెలిగింది, కంపెనీ బొమ్మ చూపించింది, మళ్లీ ఆగింది, మళ్లీ అదే బొమ్మ. మేము టీ తాగి వచ్చినా అదే బొమ్మ. "ఏమైందిరా?" అంటే "ఆలోచన సేస్తాంది" అన్నాడు. చివరికి లోపలిదంతా తుడిచేసి, ఎవరో తయారు చేసి నెట్‌లో పెట్టిన వేరే సిస్టమ్ ఎక్కిస్తే గానీ అది లేచి కూర్చోలేదు. షేర్ల ధరలు పోయాయి. వాతావరణం పోయింది. కావలసినంత జాగా! నేనిప్పుడు ఆ ఫోన్‌కు సర్వాధికారిని. కాకపోతే పేర్లన్నీ కూడా తుడిచిపెట్టుకుపోయాయి, అవతలివాళ్ల గొంతు బిందెలోంచి మాట్లాడుతున్నట్టు వినిపించేది. ఏ అధికారంతోనూ ఒక్క ఈరన్ననైనా వెనక్కి తీసుకురాలేకపోయాను.

నాయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "జాగా అడిగితే ఊరే ఖాళీ సేసినావు కదరా" అని ఊరుకున్నాడు. అసలు కష్టం మరుసటి రోజు మొదలైంది. ఫోన్ మోగుతుంది, వట్టి నంబరు. ఎత్తితే "నేనప్పా, ఈరన్నని" అంటుంది బిందె. ఏ ఈరన్న అని అడిగితే మా వైపు ఎంత తప్పో! గుండు ఈరన్నను ఒకసారి అట్లా అడిగినందుకు "ఓహో, ఇప్పుడు మేము ఎవురో కూడా తెలీదా నీకు?" అని అలిగి కూర్చున్నాడు. అప్పటినుంచి నాయన ఒక ఉపాయం పట్టాడు. ఏ ఈరన్నకైనా సరిపోయే ప్రశ్నలు వేసేవాడు. "వాన పడిందా? పిల్లోళ్లు బాగుండారా?" అంటూ మెల్లగా లాగేవాడు. చేను మాట వస్తే ఆస్పరి, నూలు మాట వస్తే నూలు. ఈ పద్ధతిలో ఆయన అందరి మంచిచెడ్డలూ అంతకు ముందెన్నడూ లేనంతగా తెలుసుకున్నాడు.

శ్రావణం వచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం నాయన నేస్తున్నాడు, చేతులు ఖాళీ లేవు, ఫోన్ మగ్గం పక్కన స్పీకర్‌లో పెట్టి ఉంది. నేను అన్నం తింటున్నాను.

"నేనప్పా, ఈరన్నని."

"సెప్పప్పా. వాన పడిందా?"

"పడింది. ఈ తూరి బాగనే పడింది."

"పిల్లోళ్లు బాగుండారా?"

"ఉండారు. పెద్దోనికి కొడుకు పుట్టినాడు."

నాయన మొహం వెలిగింది. "ఏం పేరు పెడతాండారు?"

"ఇంకేం పేరు? ఈరన్నే."

ఇద్దరూ పగలబడి నవ్వారు. అవతలి గొంతు కాస్త ధైర్యం తెచ్చుకుని, "రేపు ఉరుకుందకు పోతాండాను. నువ్వూ వస్తావా?" అంది.

నాయన మగ్గం ఆపాడు. "యాడ వచ్చేదప్పా! ఇంతకు ముందు నాకొక జత ఉండె. నన్ను ఆన్నే ఇడిసి బస్సెక్కి పోయినాడు. తిట్టినాను, మాట మానుకున్యాను, అంతా అయిపాయ. వాడు లేకుండ ఆడికి పోబుద్ది కాదు."

అవతల ఆటో ఇంజను చప్పుడు ఆగిపోయింది. తరువాత బిందెలోంచి సన్నగా, "ఆ జత నేనేప్పా" అని వినిపించింది.

నాయన ఫోన్ వైపు చూశాడు. అక్కడ పేరు లేదు, బోర్లా పెట్టడానికి. అమ్మ వంటింటి గడపలో గరిటెతో అట్లాగే నిలబడిపోయింది. నా చేతిలో ముద్ద నోటిదాకా పోలేదు. నాయన భుజం మీది టువ్వాలతో మొహం తుడుచుకుని, "అట్లయితే ఈసారి ముందు నేనెక్కుతా" అన్నాడు.

తరువాత సెలవుల్లో పేర్లన్నీ మళ్లీ రాసిస్తానంటే నాయన ఒప్పుకోలేదు. "ఉండనీలేరా. ఎవురైందీ మాట్లాడతాంటే తెలుస్తాది" అన్నాడు. వాళ్లిద్దరూ ఇప్పటికీ ప్రతి శ్రావణంలో పోతారు. బస్సు దగ్గర ఒకరి టువ్వాల కొస ఇంకొకరు పట్టుకుని మరీ ఎక్కుతారు, పెళ్లి పీటల మీద కూర్చోబోతున్నట్టు.

మొన్న నాయనకు కొత్త ఫోన్ కొనిచ్చాను. నేనిప్పుడు ఆదోనిలో ఉద్యోగం చేస్తున్నాను. నా ఫోన్ ఏ అనుమతి అడిగినా చదవకుండా 'సరే' నొక్కే పెద్దమనిషిని. ఈ కొత్త ఫోన్ మనం రాసుకోకపోయినా చేసేవాళ్ల పేరు తనే తెర మీద చూపిస్తోంది. నాయనకు అది నచ్చలేదు. "ఎత్తకముందే వీడెవుడో సెప్పేస్తాంది. ఇది తీసేయరా" అన్నాడు. సెట్టింగులన్నీ తిరగేశాను. దొరకలేదు.

"నా చేతుల్లో లేదు నాయినా. దానికి పూర్తి అధికారం ఉండాల" అన్నాను.

"అప్పుడు నీకుండె కదరా?" అన్నాడు ఆయన.

ఉండేది. మీసం సరిగా రాని ఆ పిల్లవాడికి, ఒక్క మధ్యాహ్నం, నిజంగానే ఉండేది.