మౌనవ్రతం పట్టిన గద్ద

పట్నంలోని సౌకార్‌పేటలో పప్పుల మండీ నడిపే వరదరాజులుకు సేద్యం మీద మోజు పుట్టి, 1994లో మాధవరం అవతల ఎనిమిదెకరాల తుమ్మపొదల బీడు కొన్నాడు. ఏడాది తిరిగేసరికి ఏడెకరాలు వేరుశనగ చేనైంది. చుట్టుపక్కల బీళ్లనూ అలాగే దున్నేశారు. మిగిలిన ఎకరంలో ఒక పెద్ద తుమ్మచెట్టు, దాని మీద గద్ద గూడు.

ఆదివారాలు భర్త వెంట వెళ్లే హైమకు ఆ పక్షంటే ముచ్చట. బూడిదరంగు ఒళ్లు, ఎర్రటి కళ్లు. గాలిలో ఒక్కచోటే రెక్కలాడిస్తూ నిలబడి, ఉన్నట్టుండి కిందికి దూకి ఎలుకను తన్నుకుపోయేది. ఒకప్పుడు ఐదారు జంటలుండేవనీ, పొదలు పోయాక ఇదొక్కటే మిగిలిందనీ చేను చూసుకునే అమ్మాసి చెప్పాడు.

“వచ్చే ఆదివారం ఆ చెట్టు కొట్టించేస్తా,” అన్నాడు వరదరాజులు.

“గూట్లో పిల్లలుండాయండీ,” అంది హైమ.

“ఉంటే? బారసాల చెయ్యాల్నా?”

హైమ ఇంక ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పి ఆమె నెగ్గింది ఎన్నడూ లేదు. చెప్పకుండా నెగ్గినవి బోలెడు. గురువారం ఒక్కతే బస్సెక్కి వెళ్లి, తుమ్మ మొదలుకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించింది. అమ్మాసి నోరు తెరిచి చూశాడు.

“గరుడాళ్వారయ్యా,” అంది నిమ్మళంగా. గరుడపక్షికి తల తెల్లగా, ఒళ్లు ఎర్రగా ఉంటుందని ఆమెకు తెలియక కాదు.

ఆదివారం గొడ్డలి పట్టేవాడే లేడు. “సామి మీద కత్తెట్లా వేసేది మొదలాళీ?” అన్నాడు అమ్మాసి యజమానితో. వరదరాజులు భార్య వంక చూశాడు. ఆమె కళ్లు మూసుకుని దండం పెడుతోంది.

అయితే సంగతి ఊళ్లోకి పాకింది. రెండు వారాల్లో గంటలు, మేళం, లౌడ్‌స్పీకరు! ఆ రొదకు తల్లిగద్ద గూటికి రాకుండా కరెంటు స్తంభం మీదే కూర్చుంది. పిల్లలు ఆకలికి కీచుమంటున్నాయి. చేజేతులా తెచ్చిపెట్టానే అనుకుంది హైమ. మరుక్షణం జుట్టు విరబోసుకుని ఊగిపోయింది.

“మౌనవ్రతంలో ఉండాను! పిల్లలెగిరేదాకా ఈడ నోరు మెదిపినోడి కళ్లు పీకేస్తా!”

జనం చెప్పులు చేతపట్టుకుని జారుకున్నారు. గంటలోపే తల్లి ఎలుకతో గూటికి దిగింది.

“నిజం చెప్పు, సామి వచ్చినాడా?” అని తిరుగుదారిలో వరదరాజులు భయంభయంగా అడిగాడు. హైమ కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వాపుకుంది.

నెలలో మూడు పిల్లలూ ఎగిరాయి. కోతలప్పుడు చూస్తే చెట్టు దాపు చేనులో ఎలుక బొక్కలు తక్కువ. ఎకరం అలాగే ఉండిపోయింది. పక్క చేను కోదండరాంకు వరదరాజులు పాఠం కూడా చెప్పాడు:

“పక్షులకని కొంచెం బీడు వదలాలబ్బా. నేను మొదట్నుంచీ అదే చెప్తా ఉండా.”

హైమ ఇద్దరికీ కాఫీ అందించింది.