గణేష్‌ను దించేసిన ఆదివారం

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడాది. మలేసియా రేవు పట్టణం పోర్ట్ క్లాంగ్‌లో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తూ, ఆదివారాలు ఒక బేస్‌బాల్ జట్టుకు తోడు వెళ్లేదాన్ని. గిడ్డంగుల్లో, లారీ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు కలిసి పెట్టుకున్న జట్టు అది. మేనేజర్ సింహాద్రి మామయ్య మా అమ్మ వైపు బంధువు, తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే బాగన్ దాతుక్ మనిషి.

క్రికెట్ తెలిసినవారికి ఒక్క తేడా చెబితే చాలు. బేస్‌బాల్‌లో బంతి విసిరే పిచ్చర్‌ను బయటికి పంపితే ఆ ఆటలో ఇక రాడు. అతని బదులు వచ్చేవాడు రిలీఫ్ పిచ్చర్. ఎప్పుడు మార్చాలన్నది మేనేజర్ తలనొప్పి. ఫలితం చూశాక తప్పుపట్టడం మిగతా అందరి హక్కు.

ఆరోజు ఫైనల్. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే గణేష్ బంతులు అవతలివాళ్లకు అందడం లేదు. మాకు మూడు పరుగుల ఆధిక్యం. చివరి ఇన్నింగ్స్‌లో ముగ్గురిని అవుట్ చేస్తే కప్పు మాదే. దేశపు జట్టుకు మనుషుల్ని ఎంచే సెలెక్టర్లు కూడా వచ్చి కూర్చున్నారు.

చివరి ఇన్నింగ్స్‌కు ముందు గణేష్ నా పక్కకొచ్చి మెల్లగా ఐస్ అడిగాడు. మోచెయ్యి లాగుతోందట, చిటికెన వేలు తిమ్మిరెక్కిందట. వాల్గస్ స్ట్రెస్ టెస్ట్ చేశాను. అంటే మోచేతిని పక్కకు ఒత్తి, లోపలి లిగమెంట్ తట్టుకుంటుందో లేదో చూడడం. పళ్లు బిగించి కళ్లు మూసుకున్నాడు.

"మామయ్యకి సెప్పక్కా, పర్లేదు. ఇంకెవులికీ సెప్పకు. సెలెక్టర్లు వచ్చినారు."

మామయ్యను పక్కకు పిలిచి, ఇంకెవరికీ చెప్పొద్దన్న మాటతో సహా అంతా చెప్పాను. "తెగిందని సెప్పలేను మామయ్యా. తెగదనీ సెప్పలేను."

"ఆడింకా ఎయ్యొచ్చా?"

"నన్నడిగితే ఆపీమంటాను."

మామయ్య వెంటనే గణేష్‌ను కూర్చోబెట్టి రిలీఫ్ పిచ్చర్ హఫీజ్‌ను పంపాడు. హఫీజ్ విసిరేది బాగానే విసురుతాడు గానీ, పెద్ద ఆటంటే కంగారు పడతాడని పేరు.

చూసేవాళ్లంతా గోల చేశారు. అందరికంటే గట్టిగా అరిచింది గణేష్ తండ్రి అప్పలరాజు. తోటల ఎస్టేటులో కలిసి పెరిగిన రోజుల నుంచీ మామయ్యకు స్నేహితుడు. కంచె పట్టుకుని, "ఏటి సింహాద్రీ, బుర్ర పన్జేస్తందా? బాగా ఏస్తన్నోణ్ణి దించీసినావేటి?" అన్నాడు.

"నా నిర్ణయం అది రాజూ. కూకో లా." మాట చివర "లా" ఇక్కడివాళ్ల ఊతపదం.

గణేష్ లేచి ఏదో చెప్పబోయాడు. మామయ్య అతని వీపు మీద చెయ్యి వేసి మళ్లీ కూర్చోబెట్టాడు.

హఫీజ్ ఇద్దరిని అవుట్ చేశాడు. తర్వాత వరసగా దెబ్బలు. రెండు పరుగులు పోయాయి, మరో ఇద్దరు పరుగు పూర్తి చేయడానికి సిద్ధంగా దారిలోని బేస్‌ల మీద నిలబడ్డారు. మొదటి మార్పులో నేను మామయ్య పక్షమే. ఇప్పుడు మాత్రం ఉండబట్టలేక, మా ఇంకో పిచ్చర్‌ను చూపించాను. "ముత్తు రెడీగా ఉన్నాడు, పంపు మామయ్యా" అన్నాను. ఆయన హఫీజ్ దగ్గరకు నడిచి, మలయ్ భాషలో రెండు ముక్కలు చెప్పి, అతన్ని అక్కడే ఉంచి ఒక్కడే తిరిగి వచ్చాడు.

తర్వాతి బంతి ఫీల్డర్ల మధ్య నుంచి దూసుకుపోయింది. ఇద్దరూ హోమ్ బేస్ చేరి రెండు పరుగులు తీశారు. ఒక్క పరుగుతో ఓడిపోయాం. అప్పలరాజు మామయ్య ముఖం కూడా చూడకుండా వెళ్లిపోయాడు.

బ్యాట్లు సర్దుతూ అడిగాను. "హఫీజ్‌ని ఎందుకుంచినావు?"

"బంతులు మంచిగానే ఏసినాడమ్మా. నేనడిగిన సోటే పడ్డాయి. అవతలోడు బాగా కొట్టినాడు. మంచి బంతేసినోణ్ణి దించీత్తే, రేపు ఆడికి ఏటెయ్యమని సెప్పాల?"

"మరి గణేష్ సంగతి? రాజు మామయ్యకైనా సెప్పొచ్చు గదా. అందరూ నిన్నే తిడతన్నారు."

"ఆడి సెయ్యి, ఆడి మాట. సెప్పొద్దన్నాడు గదా. మేనేజర్ని తిట్టకపోతే ఇంకెవుల్ని తిడతారు లా!"

స్కాన్‌లో లిగమెంట్ సాగిందని, కొంత చిరిగిందని తేలింది. తండ్రికి గణేషే చెప్పుకున్నాడు. తర్వాతి ప్రాక్టీసుకు అప్పలరాజు అందరికీ నాసి లెమాక్ పొట్లాలు, అంటే సంబల్ కారంతో కొబ్బరిపాల అన్నం, తెచ్చి మొదటిది మామయ్య చేతిలో పెట్టాడు. మామయ్య విప్పి, "సంబల్ తక్కువేసినారు" అన్నాడు. ఇద్దరూ నవ్వేశారు.

గణేష్‌కు దేశపు జట్టులో చోటు రాలేదు. నెలల తరబడి వ్యాయామాలు చేయించాక మళ్లీ బంతి పట్టాడు. హఫీజ్ కూడా జట్టు వదల్లేదు.

ఆరోజు గణేష్‌ను ఉంచి ఉంటే, ఏమీ కాకుండానే గెలిచేవాళ్లమేమో. ఎవరికి తెలుసు? తెగకుండా మిగిలిన లిగమెంట్, ఆపకపోతే తెగేదే అనడానికి సాక్ష్యం ఉండదు. నా పేషెంట్లూ అదే అడుగుతారు: "రెస్ట్ తీసుకోకపోయినా ఏమీ అయ్యేది కాదేమో?" ఒకప్పుడు స్కాన్లు ముందు పెట్టి వాదించేదాన్ని. ఇప్పుడు, "ఏమీ కాకపోయేదేమో" అని ఒప్పుకుంటాను. ఆరోజు తెలిసినదాన్ని బట్టి చెప్పానంటాను. కోపం వస్తే నన్ను తిట్టుకోమంటాను.