పెట్టెకు పూసిన పసుపు

మొన్న మనవరాలు నా చేతికి గడియారం లాంటిదొకటి కట్టి, నా గుండె కొట్టుకోవడాన్ని తన ఫోనులో గీతగా చూపించింది. ఉన్నట్టుండి ఆ గీత సాపుగా పడుకుంది. పట్టీ వదులైందంతే అవ్వా అని పిల్ల నవ్వింది గాని, నాకు ముఖం కొంగులో దాచుకోవాలనిపించింది.

మా ఆయన బొగ్గు బాయిలో పోయాక, ఆయన బదులు నాకు కొలువిచ్చారు. గోదావరిఖనిలో బాయి పైనున్న కంప్యూటరు గది ఊడ్చేదాన్ని. లోపల వేలాడే చిన్న పెట్టెలు గ్యాసును పసిగట్టి వైరు గుండా కబురు పంపితే, పైన కంప్యూటరు దాన్ని గీతగా గీసేది. గ్యాసు పెరిగితే గీత లేచేది. అక్షరం రాకున్నా ఆ గీతను మాత్రం చూస్తూ ఉండేదాన్ని, ఎందుకంటే లోపల నా తమ్ముడు బొగ్గు తీసేవాడు.

ఒక దసరాకు, శుభ్రం చేయడానికి పైకి తెచ్చిన అలాంటి పెట్టె ఒకదాన్ని కూడా పనిముట్లతో పాటు పూజలో పెట్టారు. మొగడు పోయినదాన్ని గనుక దూరంగా నిలబడ్డాను. అందరూ కొబ్బరి ముక్కలు తీసుకుని పోయాక, నా తమ్ముణ్ణి కాచే తల్లి ఇదే కదా అనుకుని, దాని మూతికున్న సన్నటి జాలీ నిండా తడి పసుపు పూసి మొక్కుకున్నాను.

పెట్టె మళ్ళీ లోపలికి పోయింది. గీత అడుగుకే అంటుకుని కదల్లేదు. గ్యాసే లేదు, అంతా తల్లి దయ అని చీపురు పక్కనపెట్టి చేతులు జోడించాను. ఇంజనీరు సారు ముఖం మాత్రం మారిపోయింది. గాలి ఆడే చోట గీత కొంచెమైనా ఊగాలట. చేతిమీటరుతో చూడమంటే అక్కడ గ్యాసు పెరుగుతూ ఉంది. షిఫ్టు మొత్తాన్ని పైకి రప్పించారు. పెట్టెను తెప్పించి చూస్తే, గాలి పోవాల్సిన జాలీ నిండా ఎండిన పసుపు.

ఈ పసుపు ఎవరు పూశారని సారు అడిగితే, నేనే అని ముందుకొచ్చాను. బొగ్గు ముఖాలతో నిలబడ్డవాళ్ళలో ఒకాయన, "బొట్టు నుదుటికి పెడతరు గని, ముక్కు మూస్తరా అక్కా?" అన్నాడు. అందరూ నవ్వారు. తమ్ముడొక్కడు నవ్వలేదు. "ఇంటికి పోదాం, నడువక్కా" అన్నాడు. వాడు తిట్టినా బాగుండేది. నా సిగ్గు ఆ నవ్వులకు కాదు. వాడి చుట్టూ గ్యాసు చేరుతుంటే పైన నేను సంబరంగా దండం పెట్టినందుకు.

ఇప్పుడు ఆ బాయి మూతబడింది. ఆ రోజుల్లో డ్యూటీ దిగినవాళ్ళ ముఖం చూసి పానం ఎట్లుందని అడిగేవాళ్ళం. ఇప్పుడు పిల్లలు పక్క గదిలోంచే ఫోను చూసి, అవ్వ మంచిగనే ఉందంటారు. గీతను నమ్మి మనిషిని మరిచినవాళ్ళలో నేనే ముందు గనుక వాళ్ళనేమీ అనలేను. పట్టీ బిగించుకుని ఊరుకుంటాను.