రెండున్నర నుంచి నాలుగున్నర దాకా

ఆ రోజుల్లో నాకు ఊళ్ళో అందరి టైమూ విలువైనదే, నాది తప్ప. డిగ్రీ అయిపోయి, "పిల్ల ఖాళీగా ఉంది" అని పటమటలో మా వీధి వీధంతా చెప్పుకుంటున్న కాలంలో నాకొక ఉద్యోగం దొరికింది. ఏమిటయ్యా ఆ ఉద్యోగమంటే, ప్రభుత్వ సర్వే కోసం ఇంటింటికీ వెళ్ళి "నిన్న మీరేం చేశారండీ?" అని అడగడం. నవ్వకండి, నిజంగానే. పొద్దున నాలుగింటి నుంచి మర్నాడు పొద్దున నాలుగింటి దాకా, అరగంటకొక గడి చొప్పున నలభై ఎనిమిది గడులు ట్యాబులో నింపాలి. ఎంతసేపు సంపాదన పని, ఎంతసేపు ఇంటి చాకిరీ, ఎంతసేపు విశ్రాంతి, ఎంతసేపు సరదా, అన్నీ తేల్చాలి. ("ఊళ్ళోవాళ్ళ సంగతి తర్వాత, నువ్వు నిన్న ఏం చేశావో ముందు చెప్పు" అన్నారు మా నాన్న. ఆ ప్రశ్నకు నేను ఇప్పటికీ జవాబివ్వలేదు.)

మా మీద ఒక సూపర్‌వైజరుగారు ఉండేవారు. చాటుగా మేమంతా ఆయన్ని అరగంటగారు అనేవాళ్ళం. ఆయన బతుకంతా అరగంటల్లోనే సాగేది. "టిఫినుకి అరగంట. నవ్వుకుంటారా, దానికింకో అరగంట. ఆ తర్వాత పని" అనేవారు. ట్రైనింగులో ఆయన మొదటి మాటా ఆఖరి మాటా ఒకటే: "ముందుగా చెప్పి వెళ్ళకండమ్మా. చెప్పాపెట్టకుండా వెళ్ళి నిన్నటి సంగతి అడగండి. రేపొస్తామని చెప్పారంటే, జనం మీ కోసం వేరే రోజొకటి తయారు చేసి పెడతారు." నేను బుద్ధిగా నోట్సులో రాసుకుని, కింద రెండు గీతలు కూడా గీశాను. అలా గీతలు గీసుకున్నవేవీ నాకు పరీక్షల్లో కూడా గుర్తుండేవి కావు.

మొదటి వారం పటమటలోనే తిరిగాను. ఒక హార్డ్‌వేర్ కొట్టాయన తనకు పద్దెనిమిది గంటల పని అని రాయించాడు. "మరి టీ కొట్టు దగ్గర మూడు గంటలు కూర్చున్నానన్నారు కదండీ?" అంటే, "అది వ్యాపారం కాదా అమ్మా? అక్కడ కూర్చోకపోతే ఇక్కడ కొట్టు నడుస్తుందా?" అని నా మీదే కేకలేశాడు. ఇంకో ఇంట్లో ఒకావిడ చెప్పినవన్నీ కలిపితే రోజుకి ముప్ఫై ఒక్క గంటలొచ్చాయి. ట్యాబు ససేమిరా అంది. "అన్నం ఉడుకుతుంటే బట్టలు ఆరేశాను, ఆరేస్తూ పిల్లాడికి ఎక్కాలు ఒప్పచెప్పించాను, మధ్యలో మా అమ్మతో ఫోను. ఏది తీసేస్తావో నువ్వే తీసేయ్" అందావిడ. నేను ఫోను తీసేశాను. ఆవిడ మొహం చూసి మళ్ళీ పెట్టేశాను.

రెండో వారం నన్ను చల్లపల్లి వేశారు. పటమటలో బస్సెక్కితే ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి దాటి దిగేసరికి నా బుర్ర వేగిపోయిన అప్పడంలా ఉండేది. మొదటి రోజు నేను వెళ్ళిన ఇంటికి తాళం. తిరిగి వెళ్ళబోతుంటే పెళ్ళి భోజనం నుంచి ఆటోలో ఇంటిల్లిపాదీ దిగారు. పట్టుచీరలో అత్తగారు, కండువాతో మావగారు, ఎరువుల కొట్టు నడిపే కొడుకు, కోడలు, ఆవిడ భుజం మీద నిద్రపోతున్న నాలుగేళ్ళ పిల్ల. ఆ ఎండలో వాళ్ళని కూర్చోబెట్టి గడులు నింపడం నా వల్ల కాలేదు. "రేపొస్తానండీ. ఈ రోజు సాయంత్రం నుంచి రేపు సాయంత్రం దాకా మీరేం చేస్తారో అరగంట అరగంటకీ రాసుకుంటాను. మీలాంటివాళ్ళు రోజెలా గడుపుతున్నారో దేశానికి తెలియాలి కదండీ" అని నోరు జారాను. దేశం అనే మాట వినగానే మావగారు కండువా సర్దుకున్నారు. అప్పుడైనా నాకు అనుమానం రావద్దూ? రాలేదు.

మర్నాడు సాయంత్రం వెళ్ళేసరికి నలుగురూ వరండాలో గ్రూపు ఫొటోకి కూర్చున్నట్టు కూర్చుని ఉన్నారు. మావగారు గొంతు సవరించుకుని, "నాలుగున్నరకి లేచాను. ప్రాణాయామం అరగంట. మొక్కలకి నీళ్ళు అరగంట. మనవరాలికి నీతికథలు గంట" అన్నారు. ("తాతయ్యా, ఒక్కటే చెప్పావు, మధ్యలో నిద్దరోయావు" అంది పిల్ల. నేను విననట్టు రాసుకున్నాను.) కొడుకు చూపుడువేలికి కట్టు కట్టుకుని కూర్చున్నాడు. "ఏడింటికి బెండకాయలు తరిగానండి" అని ఆ వేలు సాక్ష్యంగా చూపించాడు. ఇక అత్తగారు. నేను నోరు తెరవకముందే, "మా కోడలికి మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగున్నర దాకా విశ్రాంతి. రాశావా? ఏదీ, చూపించు" అని ట్యాబు లాక్కుని మరీ చూశారు. "పక్కింటావిడ కోడలికి ఎంతని రాశావు?" అని కూడా అడిగారు. అవి చెప్పకూడదండీ అంటే, "చెప్పకపోయినా నాకు తెలుసులే, అరగంట కూడా ఉండదు" అన్నారు గర్వంగా.

నేను గేటు దాటుతుంటే కోడలు మంచినీళ్ళ సీసా మిషతో వెనకే వచ్చింది. నాకంటే అయిదారేళ్ళు పెద్దది. నవ్వు ఆపుకోలేక కళ్ళవెంట నీళ్ళొస్తున్నాయి ఆవిడకి. కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయింది, నీళ్ళు మాత్రం ఆగలేదు. "చెల్లాయ్, నీకో సంగతి చెప్పనా? నేను విశ్రాంతి తీసుకోలేదు. తలుపేసుకుని చదువుకున్నా. పెళ్ళయ్యాక రెండు గంటలు వరసగా పుస్తకం పట్టుకోవడం ఇదే మొదలు. టీచరు పోస్టుల పరీక్ష ఇంక పన్నెండు రోజులుంది. ఫీజు కట్టిన సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు. పోయినేడు అడిగితే, పిల్ల చిన్నది ఇప్పుడెందుకే అన్నారు అత్తయ్య. ఈసారి పోతే మళ్ళీ పోస్టులు ఎప్పుడు వేస్తారో ఎవరికి తెలుసు?" అని సీసా నా చేతిలో పెట్టి, "రేపు కూడా వస్తానని ఒక్కసారి గట్టిగా చెప్పవా?" అంది.

చూడండి, ఇరవై రెండేళ్ళ పిల్లకి అంత అధికారం ఎవరైనా ఇస్తారా? నేను వెంటనే వెనక్కి తిరిగి వీధి చివరిదాకా వినపడేట్టు, "పిన్నిగారూ, చెప్పడం మర్చిపోయాను, మీ ఇంటికి పన్నెండు రోజుల ప్రత్యేక పరిశీలనండీ! రోజూ వస్తాను!" అని అరిచాను. మావగారి మొహంలో రక్తం ఇంకిపోవడం గేటు దగ్గర్నుంచి కూడా కనిపించింది.

ఆ తర్వాత చూడాలి ఆ ఇంటి సంబరం! ట్యాబు ఒక ఇంటికి ఒక్కసారే ఒప్పుకుంటుంది కనుక, రెండో రోజు నుంచి నేను చాలా గంభీరంగా క్యాలిక్యులేటర్ తెరిచి అంకెలు నొక్కుతూ కూర్చునేదాన్ని. మూడో రోజుకి కొడుకు దోసెలదాకా వెళ్ళాడు. నాలుగో రోజుకి మావగారు బావిలో పడ్డ బకెట్టులా అయిపోయి, "అమ్మాయ్, ప్రాణాయామం రోజూ రాయాలా? ఒకరోజు కాకపోతే దేశానికేమైనా నష్టమా?" అని గుసగుసగా అడిగారు. తండ్రీకొడుకులకి పోటీ కూడా మొదలైంది. "వాడు ఉల్లిపాయలు తరిగింది పదిహేను నిమిషాలే, అరగంట గడి వాడికెలా ఇస్తావు?" అని ఆయన. "నాన్న మొక్కలకి నీళ్ళు పోయడమేంటండి, పైపు పడేసి పేపరు చదువుకుంటే!" అని ఈయన. నాకేమో రోజూ పెసరట్టూ, సున్నుండలూ, గడ్డపెరుగూ. తక్కిన ఇళ్ళు ఒక్కటీ తిరగలేదు. చుడీదార్లు బిగుతయ్యాయి. లోపల గదిలో మాత్రం, రెండున్నర నుంచి నాలుగున్నర దాకా, తలుపు వేసే ఉండేది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం గేటు చప్పుడైంది. చూస్తే అరగంటగారు! నేనెక్కడున్నానో ట్యాబు రోజూ ఆయనకి చాడీలు చెబుతోందని నాకేం తెలుసు? "తొమ్మిది రోజులుగా మ్యాపులో నీ చుక్క ఈ ఇంటి మీదే ఉందేంటమ్మా? జబ్బు చేసి పడిపోయావేమో అనుకున్నా" అన్నారు. ఈలోగా అత్తగారు బయటికొచ్చి, "ఎంత శ్రద్ధండీ మీ అమ్మాయికి! పన్నెండు రోజుల ప్రత్యేక పరిశీలన ఒక్క రోజు కూడా తప్పలేదు" అన్నారు. అరగంటగారు నా వంక చూశారు. గది తలుపు సందులోంచి కోడలు మొహం కనిపించింది, చేతిలో మూయని పుస్తకంతో సహా. ఆయన ఆ మొహాన్ని చూశారు, పుస్తకాన్ని చూశారు. ఉద్యోగం ఎలాగూ పోయింది, ఆ మూడు రోజులు కూడా పోతాయేమోనని నా ఏడుపు. ఆయన నిదానంగా కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అవునండీ. ఇంకా మూడు రోజులుంది. మధ్యలో ఒక్క గడి తప్పినా మొత్తం చెడిపోతుంది. మరీ ముఖ్యంగా ఆ రెండున్నర నుంచి నాలుగున్నర జాగ్రత్తండీ" అన్నారు. పెసరట్టు తిన్నారు. అరగంట పట్టింది.

బస్సు స్టాపులో ఆయన చెయ్యి చాపి ట్యాబు తీసేసుకున్నారు. "నువ్వు రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదమ్మా" అన్నారు. నేను తలొంచుకున్నాను. బస్సు కనబడుతుండగా ఆయనే మళ్ళీ, "ఆ ఇంటికి మాత్రం మూడు రోజులూ వెళ్ళు. ట్యాబెక్కడని అడిగితే కాగితం మీద రాయి" అన్నారు.

వెళ్ళాను. కొత్త నోట్సు కొని, నలభై ఎనిమిది గడులూ స్కేలుతో గీసుకుని మరీ వెళ్ళాను. పన్నెండో రోజు శనివారం. పరిశీలన అయిపోయిందండీ, ఇక రాను అనగానే మావగారు అక్కడే వాలుకుర్చీలో ఒరిగి నిమిషంలో గుర్రు పెట్టారు. కొడుకు చొక్కా తగిలించుకుని కొట్టుకి పరుగెత్తాడు. అత్తగారు మాత్రం కదల్లేదు. "నోట్సు మూయకు. నా రెండున్నర నుంచి నాలుగున్నర దాకా రాసుకో. పన్నెండు రోజులుగా అందర్నీ అడిగావు, నన్నొక్కసారి అడిగావా?" అన్నారు. నిజమే, అడగలేదు. రోజూ ఆవిడ కోడలి విశ్రాంతి గురించి చెప్పేవారు, నేను రాసుకుని లేచిపోయేదాన్ని. "గిన్నెలు తోమాను. పెరట్లో తోమాను, చప్పుడైతే దానికి చదువు సాగదని. పిల్లని పక్కింటికి తీసుకెళ్ళి నిద్రపుచ్చాను. పప్పు రుబ్బడం నాలుగున్నర తర్వాతకి ఆపుకున్నాను, గ్రైండరు మోత కదా" అన్నారు.

కాఫీ తెస్తున్న కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. "అత్తయ్యా, మీకు తెలుసా?" అంది. "నువ్వు చెప్పలేదు, నేనడగలేదు. పోయినేడు వద్దన్న నోటితో ఇప్పుడు చదువుకోవే అని ఎలా అంటాను? ఈ పిల్లొచ్చి గడులు గీసింది, సరిపోయింది" అని ఆవిడ కాఫీ గ్లాసు అందుకున్నారు. "రేపు పరీక్షకి నేనూ వస్తున్నా. పిల్లని ఎత్తుకుని బయట కూర్చుంటాను. అమ్మావాళ్ళింటికని అబద్ధం చెప్పకు." కోడలు ఏడ్చింది, నేను ఏడ్చాను. మావగారు మాత్రం గుర్రుపెట్టి నిద్రపోతూనే ఉన్నారు.

ఆ ఏడు ఆవిడకి ఉద్యోగం రాలేదు. నేను రానని తెలిసినా రెండున్నరకి ఆ గది తలుపు వేసే ఉండేదట. మరుసటిసారి వచ్చింది. కూచిపూడి దగ్గరి ఒక బడిలో వేశారని ఫోను చేసి చెప్పి, తండ్రీకొడుకులు ఇప్పుడు వంటలో పోటీ పడుతున్నారని నవ్వింది.

ఇప్పుడు నాకూ ఆఫీసు ఉంది, పెళ్ళయింది, పిల్లాడున్నాడు, వాణ్ణి చూసుకునే అత్తగారున్నారు. మొన్న ఆదివారం ఎందుకో బుద్ధి పుట్టి, "అత్తయ్యా, నిన్న మీరేం చేశారు?" అని అడిగాను. ఆవిడ కంగారుపడి, "ఎందుకమ్మా, ఎవరైనా రాసుకోడానికి వస్తున్నారా?" అన్నారు. నవ్వాగక ఈ కథంతా మొదలుపెట్టి చెప్పాను. ఆవిడ కూడా తెగ నవ్వారు. మొత్తం చెప్పడానికి అరగంట పట్టింది. ఆ అరగంటా ఆవిడ గోరుచిక్కుళ్ళు ఒలుస్తూనే ఉన్నారు, నేను కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చునే ఉన్నాను.